అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అడ్వెంచర్ బండి: నా అనుభవం

ముందే చెప్పేస్తాను. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 62 కిలోలు, బండి మీద పెట్టగలిగింది రెండు లక్షలు, బాగా లాగితే ఇంకో పది పదిహేను వేలు. ఈ మూడూ దగ్గర పెట్టుకుని 2025 మార్చిలో వెతకడం మొదలుపెడితే బండి ఇంటికొచ్చేసరికి అక్టోబరు అయింది. మధ్యలో ఎక్కి చూసినవీ, ఎక్కి దిగలేకపోయినవీ, షోరూమ్ అద్దం బయట నుంచే చూసి వెనక్కొచ్చేసినవీ చాలా ఉన్నాయి. నా ఎత్తువాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను, పొడుగువాళ్లు సరదాగా చదువుకోండి.

నాకు ఈ బండి లడఖ్ వెళ్లడానికి కాదు. రొయ్యల చెరువుల్లో నీళ్ల పరీక్షలు చేసే పని నాది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, రేవు దాటితే నరసాపురం, మొగల్తూరు, ఇదీ నా తిరుగుడు. తారు రోడ్డు మీద ఎంతసేపుంటానో చెరువు గట్ల మీదా అంతసేపూ ఉంటాను. వానాకాలంలో ఆ గట్ల మీద నల్లమట్టి సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పాత 125 సీసీ బండికి చాంబరు రాయికి కొట్టుకుని ఆయిలు కారడం, ముందు చక్రం గాడిలో దిగబడిపోవడం మామూలైపోయింది. ముందు పెద్ద చక్రం, కింద జాగా ఉన్న బండి కావాలి. అలాంటివాటినే అడ్వెంచర్ బండ్లంటారు, అవన్నీ ఎత్తుగానే ఉంటాయి. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

మొదట్లో అందరిలాగే రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని సీటు ఎత్తులు చూస్తూ కూర్చునేవాణ్ణి. హోండా ఎన్‌ఎక్స్200 810 మిల్లీమీటర్లు, యెజ్డీ అడ్వెంచర్ 815, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ 825, అందులోనే ప్రో అయితే ఏకంగా 891, కొత్తగా వచ్చిన ఎక్స్‌పల్స్ 210 830, సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 835, కొత్త కేటీఎం 250 అడ్వెంచర్ 825. సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాత హిమాలయన్ 411 అన్నిటికన్నా తక్కువ, 800. ఇవన్నీ కంఠతా వచ్చేశాయి కానీ నాకు ఏది సరిపోతుందో మాత్రం తేలలేదు.

ఎందుకంటే ఈ అంకెల పక్కన పెట్టి చూడాల్సింది మన ఎత్తు కాదు, కాలి లోపలి పొడవు. చెప్పులు విప్పి గోడకి మడమలు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తుగా పైకి లాగి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి టేపుతో కొలవాలి. నాది 29 అంగుళాలు వచ్చింది, అంటే 737 మిల్లీమీటర్లు. పక్కనే ఉన్న మా బావ (అక్క భర్త) నవ్వి తనూ కొలుచుకున్నాడు. నాకంటే రెండంగుళాలు పొడుగు ఆయన, కాళ్లు చూస్తే ఇద్దరివీ సమానం! "ఏరా, ఇన్నాళ్లూ నన్ను పొడుగనుకున్నావు గదా" అని ఆ రోజంతా అదే పాట. ఫలానా ఎత్తువాడికి ఫలానా బండి అని ఎవరైనా చెబితే నేను నమ్మకపోవడానికి కారణం అది.

830 లోంచి 737 తీసేస్తే 93 మిల్లీమీటర్లు తేడా. దాదాపు నాలుగు అంగుళాలు గాల్లో వేలాడతానని నీరుగారిపోయాను. కూర్చుని చూస్తే అంత లేదు. మనిషి బరువుకి సస్పెన్షన్ (చక్రాల దగ్గరి స్ప్రింగులు) కొంత దిగుతుంది, బూటు అడుగు ఒక అంగుళం కలుస్తుంది. పొడవు సస్పెన్షన్ ఉన్న బండి ఎక్కువ దిగుతుంది కాబట్టి కాగితం మీద ఎత్తుగా కనిపించేది కూర్చున్నాక అంత ఎత్తు ఉండకపోవచ్చు. దీనికి ఎదురు లెక్క సీటు వెడల్పు. ట్యాంకు దగ్గర సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి పోయి కాలు పొడవు తగ్గిపోతుంది. ఈ వెడల్పు ఏ కాగితంలోనూ రాయరు, ఎక్కి చూడాల్సిందే.

అందుకని ఏప్రిల్ నుంచి ఆదివారాలు షోరూములు పట్టుకుని తిరిగాను. రాజమండ్రి, కాకినాడ, భీమవరం. లోపలికి వెళ్లగానే సేల్స్ కుర్రాడి చూపు ముందు మన కాళ్ల మీదకి పోతుంది, తర్వాతే మొహం మీదకి వస్తుంది. ఒకచోట అయితే "సార్, స్కూటర్ సెక్షన్ అటండీ" అన్నాడు నేను నోరు తెరవకముందే. కోపమొచ్చింది గానీ ఎండలో అంత దూరం వచ్చాం కదా అని కూర్చుని చూసే వచ్చాను. ఇంకోచోట టెస్ట్ రైడ్ బండి లేదు, వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ రావడానికి నెల పైనే పట్టింది. పెద్ద ఊళ్లలో ఎలా ఉంటుందో గానీ మన వైపు ఈ రకం బండ్లు డిస్‌ప్లేకి ఒకటి పెడితే గొప్ప, నడిపి చూడ్డానికి ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకుని వెళ్లాలి.

ఎన్‌ఎక్స్200 మీద రెండు కాళ్లూ బాగా ఆనాయి, 150 కిలోల లోపు బరువు, హాయిగా ఉంది. కానీ కింద జాగా 167 మిల్లీమీటర్లే, నా గట్లకి చాలదు. యెజ్డీ ఎత్తు నాకు సరిపోయింది, స్టాండు మీంచి లేపి నిలబెట్టేసరికి బరువు తెలిసిపోయింది. వీ-స్ట్రోమ్ మీద కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టే ఉంది, హైవే మీద తిరిగే పనైతే అదే తీసుకునేవాణ్ణి. కేటీఎం నచ్చింది, అప్పటి ధర షోరూమ్‌లోనే 2 లక్షల 60 వేలు, నమస్కారం పెట్టి వచ్చేశాను. కొత్త హిమాలయన్ 450కి సీటు 825, 845 రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు, పొట్టి సీటు విడిగా వేయిస్తే 805 దాకా దిగుతుందట. ధర మాత్రం దిగదు కదా.

అయితే వీటన్నిటి మీదా నేను కూర్చున్నది నున్నటి టైల్స్ నేల మీద. నేను బండి ఆపేది టైల్స్ మీద కాదు. మన కాలవ గట్టు రోడ్లు చూడండి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి రెండు పక్కలా జారిపోతుంటాయి, ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరో, కాలేజీ బస్సో వస్తే అంచుకి దిగి ఆపాలి. ఆ అంచున ఎడమ కాలు పెడితే నేల జానెడు కిందికి ఉంటుంది, దాని అవతల కాలవ. షోరూమ్‌లో మునివేళ్లు తగిలిన బండి అక్కడ గాల్లోనే. ఇది తట్టాక షోరూమ్‌లో నా పద్ధతి మారిపోయింది. బండి బయటికి తీసుకెళ్లి, రోడ్డు మార్జిన్‌లో ఎడమ పక్క పల్లంగా ఉండేచోట పెట్టించి ఎక్కేవాణ్ణి. సేల్స్ వాళ్లు ఇబ్బంది పడేవారు, పడనివ్వండి.

బరువు సంగతి నాకు పూర్తిగా అర్థమైంది జూన్‌లో, బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు ఆగే నరసాపురం రేవులో. అక్కడ ఒకాయన హిమాలయన్ 411 అమ్ముతున్నాడని తెలిసింది. 800 సీటు, ధర నాకు అందుబాటులోనే ఉంది, బండి శుభ్రంగా ఉంచాడు. గట్టు మీద రెండు అరికాళ్లూ దాదాపుగా ఆనాయి, ఇక ఇదే ఖాయం అనుకున్నాను. "పంటు మీద అటు తీసుకెళ్లి రండి, తెలుస్తుంది" అన్నాడు ఆయనే, పాపం మంచివాడు. సఖినేటిపల్లి వైపు పంటు ఆనగానే ఇనప రేకు దించారు, తడి తడిగా ఉంది. ముందు ఆటో ఒకటి ఏటవాలు ఎక్కలేక మధ్యలో ఆగిపోయింది, వెనక నేను సగం రేకు మీద, సగం మట్టి మీద ఆగాను. కాళ్లు ఆనుతున్నాయి, అయినా బండి వెనక్కి లాగేస్తోంది. 199 కిలోలు ఏటవాలులో వెనక్కి లాగితే కాలు ఆనినా అరికాలే జారిపోతుంది. ముందు బ్రేకు పిసికి పట్టుకుంటే చక్రం రేకు మీద జరజరా జరిగింది. పంటు మీద పనిచేసే కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి వెనక కేరియర్ పట్టుకుని "వదిలేయకండి గురువుగారూ, ఆయ్, ఇంజిన్ వేయండి" అని అరిచాడు. పైకి ఎక్కించాక చూస్తే చేతులు వణుకుతున్నాయి. బండి తప్పేం లేదు, 80 కిలోల మనిషికి అది బంగారం. 62 కిలోలవాడికి మాత్రం అందే సీటు కంటే ఆపగలిగే బరువు ముఖ్యం. ఆ రోజుతో నా లిస్టులో 170 కిలోలు దాటినవన్నీ కొట్టేశాను.

మిగిలినవి ఎక్స్‌పల్స్ రెండు రకాలు, వీ-స్ట్రోమ్. జులైలో రాజమండ్రిలో 210 నడిపించారు. 830 అన్నారు గానీ సీటు ట్యాంకు దగ్గర సన్నగా ఉండటం వల్ల ఎడమ కాలు పాదం ముందు భాగమంతా ఆనింది. రెండు కాళ్లూ దింపితే రెండు వైపులా మునివేళ్లే. ఒక కాలు చాలు అని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆగేటప్పుడు ఎడమ పక్కకి కొంచెం జరిగి ఎడమ కాలు గట్టిగా దింపి, కుడికాలు వెనక బ్రేకు మీద ఉంచేయడం. రెండు కాళ్లూ ఆనాలి అనే పట్టుదల వదిలేస్తే చాలా బండ్లు మనకి సరిపోతాయి.

తర్వాత ఆగస్టు. గోదావరికి వరద, లంకల్లో కాజ్‌వేల మీద నీళ్లు, నా పని కూడా మందగించింది. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామన్న దగ్గర్నుంచి బండి కొనేవాళ్లంతా ఆగిపోయారు, నేనూ ఆగాను. సెప్టెంబరు మొదటివారంలో తేల్చారు, 350 సీసీ దాకా ఉన్న బండ్లకి 28 శాతం కాస్తా 18 శాతం, సెప్టెంబరు 22 నుంచి. 350 దాటినవాటికి 40 శాతం. నేను చూసిన 210 మీద పద్నాలుగు వేల దాకా కలిసొచ్చింది, హిమాలయన్ 450 అటుపక్క ఇరవై వేల దాకా పెరిగింది. తీసుకుందామనుకున్న స్నేహితుడొకడు ఇంకా దానికి సంతాపం పాటిస్తున్నాడు.

సెప్టెంబరు రెండోవారంలో ఐదు వేలు కట్టి ఎక్స్‌పల్స్ 210 బుక్ చేశాను, బిల్లు 22 తర్వాతే వేయాలని రాయించుకున్నాను. దసరాకి ఇస్తామన్నారు. దసరా అక్టోబరు 2న అయిపోయింది, "బండి దారిలో ఉందండి" అన్నారు. వారం తర్వాతా దారిలోనే ఉంది. అమ్మ ఆశ్వయుజం దాటకుండా తెచ్చుకో అంటుంది, వాళ్లు ఫోన్ ఎత్తరు, ఇదొక టెన్షన్. చివరికి దీపావళి ముందు శుక్రవారం, అంటే 17న ఇచ్చారు.

ఖర్చు సంగతి. టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి రెండు లక్షల పదివేల దాకా తేలింది. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఐదేళ్లకి ఒకేసారి కట్టాలి, నేను కొన్నప్పుడు 150 నుంచి 350 సీసీ మధ్య అయితే 7,365 రూపాయలు, పైన జీఎస్టీ. 350 దాటితే అదే 15,117. పెద్ద బండి చూసేవాళ్లు ఇది కూడా లెక్కేసుకోండి. కొటేషన్‌లో నేను అడగని యాక్సెసరీస్ కిట్టు ఒకటి కనిపించింది, తీసేయమంటే "అందరూ తీసుకుంటారండి" అన్నారు. కూర్చుని టీ రెండుసార్లు తాగాక తీసేశారు. క్రాష్ గార్డు మాత్రం ఉంచాను. యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే టాక్సు కలిసొస్తుందని, అక్కడ చుట్టాల అడ్రసు వాడుకోమని చెప్పినవాళ్లు బోలెడుమంది. రోజూ రాజోల్లో తిరిగే బండికి పుదుచ్చేరి వాళ్ల పీవై నంబరేంటని చెక్‌పోస్టులో ఆపితే ఎవడు సమాధానం చెప్పుకుంటాడు, నేను ఆ జోలికి పోలేదు. యానాం వెళ్లినప్పుడు పెట్రోలు మాత్రం ఫుల్ ట్యాంకు కొట్టిస్తాను, అది వేరే సంగతి.

రాజమండ్రి నుంచి ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. రావులపాలెం దగ్గర అరటి గెలల వ్యాన్ల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం ఆగడం, కదలడం, ఆగడం. ఎడమ కాలు, ఎడమ కాలు, మళ్లీ ఎడమ కాలు. గన్నవరం అక్విడక్టు దాటేసరికి పిక్క పట్టేసింది. వారంలో అలవాటైపోయింది.

ఎవరూ చెప్పని చిన్న చిన్న విషయాలు ఇంటికొచ్చాక బయటపడ్డాయి. బండి మీద కూర్చుని కాళ్లతో వెనక్కి నెట్టుకోవడం మన వల్ల కాదు, మునివేళ్లకి ఆ బలం ఉండదు. అందుకని ఎక్కడ పెట్టినా ముక్కు బయటికి ఉండేలా పెట్టాలి, లేదా దిగి నెట్టాలి. చెరువు గట్టు మీద వెనక్కి తిప్పడమంటే ప్రతిసారీ దిగడమే. సైడ్ స్టాండు తడి మట్టిలో దిగబడుతుంది, పొట్టివాడికి బండి అంతలా వాలిపోతే మళ్లీ నిలబెట్టడం చచ్చే చావు. కొబ్బరి మట్ట మొదలు జానెడు ముక్క కోసి బ్యాగులో పడేసుకున్నాను, స్టాండు కింద అది పెడితే కదలదు. గమ్‌బూట్లతో బండి నడపకండి, అడుగు మందమే గానీ తడిస్తే జారుతుంది. పట్టున్న అడుగుతో బూట్లు పద్దెనిమిది వందలకి కొన్నాను, గమ్‌బూట్లు వెనక కట్టుకుని చెరువు దగ్గర మార్చుకుంటున్నాను.

సస్పెన్షన్ తగ్గించే లింకులు వేయించమని మెకానిక్ అన్నాడు, అంగుళం పైనే దిగుతుందట. వద్దన్నాను. కింద జాగా కోసమే కదా ఈ బండి కొన్నది, పైగా బండి దిగితే సైడ్ స్టాండు పొడవైపోయి నిటారుగా నిలబడుతుంది, కాస్త గాలేస్తే అటు పక్కకి పడుతుంది. దాని బదులు వెనక ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) బాగా తగ్గించి పెట్టించాను, వేలెడు మందం దిగింది. తర్వాత భీమవరంలో సీట్లు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. సీటు ఎత్తు తగ్గించమంటే ఆయన ఒప్పుకోలేదు, "ఫోమ్ మొత్తం కోసేస్తే గంటలో నడుం పోద్దండి" అని, ముందు వైపు రెండంచులు మాత్రం ఏటవాలుగా చెక్కి, పైన కొత్త రెగ్జిన్ కుట్టాడు. పదకొండు వందలు తీసుకున్నాడు, సగం రోజు పట్టింది. సీటు ఎత్తు అంతే ఉంది, కాలు మాత్రం ఇంకొంచెం లోపలికి వచ్చి మడమకీ నేలకీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. నాకు తెలిసి పెట్టిన డబ్బుకి దక్కిన లాభంలో అదే ఎక్కువ.

సీటు పని ఇంకా కాకముందే మొంథా తుఫాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గరే తీరం దాటింది, రాత్రంతా ఇల్లు హోరెత్తిపోయింది. 29 మధ్యాహ్నం చెరువుల వాళ్లు ఒకటే ఫోన్లు, కరెంటు లేదు, చెరువు నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగట్లేదు. బయల్దేరాను. రోడ్ల మీద కొబ్బరి చెట్లు అడ్డంగా పడున్నాయి, మట్టలు, తీగలు, ఎక్కడ చూసినా నీళ్లు. మలికిపురం దాటాక ఒకచోట చెట్టు పక్కనుంచి సందు చూసి పోతూ ఆగాల్సొచ్చింది, కాలు పెట్టినచోట మట్టల కింద నేల లేదు, బోదె కాలవ. మెల్లగా, నేను చూస్తుండగానే బండి ఎడమకి పడుకుంది. నాకేం కాలేదు, క్రాష్ గార్డు గీసుకుంది. వీడియోల్లో చూపించినట్టు సీటుకి నడుం ఆనించి, కాళ్లతో వెనక్కి నెట్టి లేపబోయాను. గట్టి నేల మీద అది పనిచేస్తుంది, ఇంట్లో ముందే చేసి చూసుకున్నాను కూడా. బురదలో మడమలు జారిపోతున్నాయి. కొమ్మలు నరుకుతున్న ఇద్దరు కత్తులు పక్కన పడేసి వచ్చి లేపారు. "ఇంత బండెందుకండీ బాబూ" అన్నాడు ఒకాయన. ఆ సాయంత్రం అదే బండి మీద పాత బండి వెళ్లలేని చెరువులన్నీ చూసి వచ్చాను, ఆయనకి చెబుదామంటే మళ్లీ కనపళ్లేదు.

అప్పట్నుంచి ఆపే ముందు ఎడమో కుడో ఎత్తుగా ఉన్న పక్క చూసుకుని ఆ కాలే దింపుతున్నాను. పల్లం వైపు కాలు దింపడం మానేశాను. కుడికాలు దింపితే వెనక బ్రేకు ఉండదు కాబట్టి ముందు బ్రేకు మీద ఉండాలి, దానికి కొంచెం సాధన కావాలి. ఖాళీ కళ్లంలో సాయంత్రాలు చేసుకున్నాను.

ఇక వెనక కూర్చునేవాళ్ల సంగతి, కొనేముందు నేను ఆలోచించనిది ఇదొక్కటే. మా ఆవిడది అయిదడుగులు. చీరతో ఈ బండి ఎక్కాలంటే మా అరుగు పక్కన పెట్టాలి, దిగాలంటే ఇంకో అరుగు వెతకాలి. తను ఎక్కాక బండి బాగా దిగి నా రెండు కాళ్లూ సుఖంగా ఆనుతాయి, కానీ ఎత్తులో ఇంకో మనిషి బరువు ఊగుతుంటే ఆగినప్పుడు ఒంటికాలి మీద ఆపడం కష్టం. ఇద్దరం కలిసి అంతర్వేది వెళ్లొచ్చాం. మరుసటి రోజు తన స్కూటీకి సర్వీసు చేయించుకొచ్చింది, ఇద్దరం వెళ్లాల్సిన చోటికి దాని మీదే వెళ్తున్నాం, నడిపేది తనే.